బస్తాల్లో మూటగట్టిన పేర్లు: పాత రెవెన్యూ రికార్డుల గురించి ఒక బహిరంగ లేఖ

రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకుల వారికి, ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల కలెక్టర్లకు, తహసీల్దార్లకు

నమస్కారం.

తహసీల్ ఆఫీసుకు ఎవరైనా వచ్చి సేత్వార్ (మొదటి సర్వే నాటి భూమి రిజిస్టరు) నకలు కావాలంటే, కౌంటరులో ముందు వచ్చే మాట "ఏం పంచాయితీ?" అని. పంచాయితీ ఏం లేదు, ముత్తాత తండ్రి పేరు చూసుకోవాలె అంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోవడం మీ సిబ్బంది తప్పు కూడా కాదు. పాత కాగితం విప్పితే పాత తగాదా కూడా లేస్తుందని వాళ్ల భయం. కానీ తాత పేరు కోసమే వచ్చేవాళ్లు నిజంగానే ఉన్నారు. 1880 ప్రాంతంలో ఊళ్లో నాగలి పట్టిన మనిషి పేరు దొరికే చోటు చాలా కుటుంబాలకు మీ రికార్డు గది ఒక్కటే. ఈ ఉత్తరం వాళ్ల తరఫున.

గుళ్లలో పుట్టుక రాసే అలవాటు మనకు లేదు. 1881 నుంచి నిజాం రాజ్యంలో జనాభా లెక్కలు జరిగాయి గానీ అచ్చయిన సంపుటాల్లో మొత్తాలే ఉంటాయి, మనుషుల పేర్లు ఉండవు. సాలార్ జంగ్ 1865లో జిల్లాబందీ (రాజ్యాన్ని జిల్లాలుగా విడదీయడం) చేసి, ఆ తర్వాత సర్వే సెటిల్‌మెంట్ మొదలుపెట్టేదాకా శిస్తు వసూలు గుత్తకు పోయేది. గుత్తేదారు ఊరి మొత్తం కట్టేవాడు, రైతు పేరుతో సర్కారుకు పని లేదు. కొలత గొలుసు ఊళ్లోకి వచ్చాకే మామూలు రైతు పేరు కాగితం మీద పడింది. ఆ కాగితమే సేత్వార్. దానికంటే వెనక్కి పోవాలంటే ఇనాందారో, వతన్‌దారో, దేశ్‌ముఖో అయి ఉండాలి. వాళ్ల సంగతి వేరు, ముంతఖాబుల్లో (ఇనాం, వతన్ హక్కు ఖాయం చేసిన సర్కారు కాగితాల్లో) మూడు నాలుగు తరాల వంశవృక్షం గీసే ఉంటుంది.

ధరణిలో గానీ ఇప్పటి భూభారతిలో గానీ ఈ వెతుకులాట సాగదు. అక్కడ కనిపించేది నేటి ఖాతా. వెనక్కి నడవాలంటే పేరు పట్టుకుని కాదు, సర్వే నంబరు పట్టుకుని నడవాలి. మనుషుల పేర్లు తరం తప్పి తరం తిరిగొస్తాయి, నేల నంబరు నిలబడి ఉంటుంది. ముందు 1954-55 ఖాస్రా పహాణీ, అంటే సర్వే నంబర్ల వారీగా ఎవరి భూమి, ఎవరి సాగు అని రాసిన రిజిస్టరు. అందులో తాత తరం పేరు తండ్రి పేరుతో సహా దొరుకుతుంది. అక్కడి నుంచి ఏటేటి ఫైసల్ పట్టీలు. ఖాతా ఎప్పుడు, ఎందుకు చేతులు మారిందో అందులో రాస్తారు. వసూల్ బాకీ రిజిస్టరు చూస్తే ఆ ఏడు శిస్తు కట్టింది ఎవరో తెలుస్తుంది. చివరికి సేత్వార్. మధ్యలో ఒక్క కట్ట దొరక్కపోయినా గొలుసు తెగుతుంది. కాబట్టి దొరికిన ఫైసల్ పట్టీలు ఏ ఏ ఫస్లీలవో (శిస్తు సంవత్సరాలవో) గది గోడకు రాసి పెట్టినా సగం పని అయినట్టే.

ఫైసల్ పట్టీలో మార్పు కారణం రాసిన గడి అన్నిటికంటే విలువైంది. "ఫౌతీ, విరాసత్" అని ఉంటే మనిషి పోయాడు, వారసుడు వచ్చాడు. చావు సంవత్సరం దాదాపుగా అక్కడే దొరికింది. "బై" అంటే అమ్మకం, వంశం అక్కడ ఆగింది, కొన్నవాళ్ల వెంట పోవద్దు. "రాజీనామా" అని ఉంటే ఉద్యోగం మానేశాడనుకునేరు. శిస్తు మోయలేక భూమి వదులుకున్నాడని దాని అర్థం. ఆ భూమికి ఇంకొకరు "కబూలియత్" రాసిస్తారు. వికారి నామ సంవత్సరం కరువు, అంటే 1899-1900, దాటిన వెంటనే రాజీనామా కనిపిస్తే ఆ కుటుంబం వలస పోయిందేమో చూడాలి. ఖాతా వేరే ఇంటిపేరుకు పోయి, కారణం మాత్రం విరాసత్ అని ఉంటే అది ఇల్లరికమో దత్తతో. తండ్రి వైపు వెతికేవాళ్లు చాలామంది ఇక్కడే దారి తప్పుతారు.

సేత్వార్‌లో ఒక వరుసను దగ్గర నుంచి చూద్దాం. ముందు సర్వే నంబరు, తర్వాత నేల ఖుష్కీయా (మెట్టా) తరీయా (మాగాణా), రఖ్బా (విస్తీర్ణం) 4 ఎకరాల 12 గుంటలు అనుకోండి, అందులో పోట్ ఖరాబు (సాగుకు పనికిరాని నేల) ఎంత, శిస్తు ఎంత, ఆఖర్న పట్టాదారు: "రాజయ్య వల్ద్ ఐలయ్య". వల్ద్ అంటే కొడుకు. ఆడమనిషి అయితే "జౌజె" ఫలానా, భార్య అని. "బేవా" అని ఉంటే భర్త పోయినావిడ. "నాబాలిగ్" అని ఉంటే పట్టాదారుకు ఇంకా ఈడు రాలేదు, పక్కన సంరక్షకుడి పేరుంటుంది. ఆ ఒక్క మాటతో పుట్టిన ఏడును కొన్నేళ్ల లోపలికి కుదించుకోవచ్చు. ఇంటిపేరు మాత్రం చాలా చోట్ల ఉండదు. ఉన్నా గుమస్తాకు వినపడినట్టు రాసుకున్నదే.

ఇక చదవడం దగ్గరే అసలు కష్టం. 1884 దాకా సర్కారు భాష పారశీకం, తర్వాత ఉర్దూ. రెండూ తొందర చేతిరాత, చుక్కలు సగం పెట్టరు. బే, పే, తే అన్నీ ఒకే పడవ ఆకారం, తేడా అంతా చుక్కల్లోనే. మాట మధ్యలో అయితే నూన్, యే కూడా అదే చిన్న పన్నుగా మిగులుతాయి. జీమ్‌కూ చేకూ తేడా మళ్లీ చుక్కలదే. అందుకే పోచయ్యను బోజయ్య అని చదివి, లేని మనిషి వెంట నెలలు తిరగొచ్చు. ఎ, ఇ లకు వేరు వేరు గుర్తులు లేవు. ఒ, ఉ లకూ లేవు. కొమురయ్య, కుమురయ్య ఒకే రాత.

పైన చెప్పిన ఐలయ్య పేరే చూడండి. అలిఫ్, యే, లామ్, యే, అలిఫ్. ఇదే రాతను ఎల్లయ్య అనీ చదవొచ్చు. లామ్ మీద ఒత్తు గుర్తు పెట్టే ఓపిక ఏ గుమస్తాకూ లేదు. ఉర్దూ ఎంత బాగా వచ్చినా కాగితం మీద ఈ రెండు పేర్లనూ విడదీయలేరు. విడదీసేది ఇంటి దేవుడు. ఐలయ్య అంటే ఐలోని మల్లన్న పేరు, ఐనవోలు జాతరకు పోయి పట్నం (దేవుడి ముగ్గు) వేసే ఇల్లు. ఎల్లయ్య అంటే ఎల్లమ్మ పేరు. కొమురయ్య కొమురవెల్లి నుంచి, రాజయ్య వేములవాడ నుంచి, సమ్మయ్య, సారయ్య మేడారం నుంచి వచ్చిన పేర్లు. కాబట్టి రిజిస్టరు దగ్గర ఉర్దూ చదివే మనిషితోపాటు, ఆ ఊరి పేర్లు నోట్లో నానిన మనిషి కూడా కూర్చోవాలి. ఒకరు అక్షరం చెబితే ఇంకొకరు పేరు చెబుతారు. పట్నంలో కూర్చుని ఒక్కరే చదివిన జాబితాలను మేము నమ్మం.

అంకెల సంగతి ఇంకోటి. శిస్తు, జమ గడుల్లో మామూలు అంకెలు ఉండకపోవచ్చు. అరబ్బీ సంఖ్యల పేర్లను కుదించి గీసిన "రఖం" గుర్తులు ఉంటాయి. అవి చదవగలిగిన వాళ్లు ఇప్పుడు తక్కువ. వంశం వెతికేవాళ్లకు శిస్తుతో అంత పని లేదు గనక ఆ గడి వదిలేసినా నష్టం లేదు. తేదీ మాత్రం వదలొద్దు.

తేదీల్లో పెద్ద పొరపాటు ఫస్లీనీ హిజ్రీనీ కలపడం. 1300 హిజ్రీ 1882 నవంబరులో మొదలైంది, 1300 ఫస్లీ 1890 అక్టోబరులో. ఎనిమిదేళ్ల తేడా. ఆ ఎనిమిదేళ్లలో కొడుకు తండ్రవుతాడు. నిజాం ఫస్లీ ఆజుర్ నెలతో, అక్టోబరు మొదటి వారంలో మొదలవుతుంది. ఆజుర్, దై, బహ్మన్ నెలలకు 590 కలపాలి, ఇస్ఫందార్ నుంచి ఆబాన్ దాకా 591. ఖుర్దాద్ 1310 అంటే 1901 ఏప్రిల్ అన్నమాట. మద్రాసు వైపు ఫస్లీ జులైలో మొదలయ్యేది, ఆ పట్టిక తెచ్చి ఇక్కడ వాడితే మూడు నెలలు జారిపోతాయి. ఇంట్లో తాటాకు జాతకం ఉంటే అందులో సంవత్సరం పేరే ఉంటుంది, సంఖ్య ఉండదు. పరాభవ అంటే 1846-47 కావచ్చు, 1906-07 కావచ్చు. తిథి, వారం రెండూ రాసి ఉంటే పంచాంగంతో సరిచూసి తేల్చొచ్చు. వారం లేకపోతే కొడుకు ఈడుతో ఊహించడమే.

నోటి మాటలకూ ఇదే జాగ్రత్త. "రైలు పట్టాలు ఏసేటప్పుడు తాత గొడ్లు కాసేటోడట" అంటే ఏ రైలు అని అడగాలి. మానుకోట (మహబూబాబాద్), డోర్నకల్ వాళ్లు చెప్పేది 1889లో బెజవాడకు చేరిన లైను. జమ్మికుంట, పెద్దపల్లి వాళ్లు చెప్పేది 1929లో పూర్తయిన కాజీపేట, బల్లార్షా లైను. మధ్యలో నలభై ఏళ్లున్నాయి. అడగకుండా రాసుకుంటే ఒక తరం ఎగిరిపోతుంది.

తరం ఎగిరిపోవడానికి ఇంకో దారి పేర్లు తిరిగిరావడం. తాత పేరు మనవడికి పెడతారు. రాజయ్య వల్ద్ ఐలయ్య, ఐలయ్య వల్ద్ రాజయ్య, మళ్లీ రాజయ్య వల్ద్ ఐలయ్య. మొదటి రాజయ్యకూ చివరి రాజయ్యకూ మధ్య యాభై ఫస్లీలు దాటితే వాళ్లు ఇద్దరు మనుషులని అనుకోవడమే మంచిది. తమ్ముళ్లు కనిపించడం లేదని కూడా చాలామంది ఆగిపోతారు. పట్టా పెద్దవాడి పేరున ఉంటుంది, భూమిలో పాలున్న తమ్ముళ్లు "షిక్మీదార్లు"గా రాసి ఉంటారు. ఆ మాట పక్కన ఉన్న పేర్లు తప్పక ఎత్తి రాసుకోవాలి. గ్రామ నక్షా పక్కన పెట్టుకుని చుట్టుపక్కల నంబర్లు కూడా చదవాలి. అన్నదమ్ముల చెలకలు ఆనుకునే ఉంటాయి.

ఊరి పేరే దొరకని వాళ్ల గతి మరీ కష్టం. ఎలగందుల జిల్లా 1905లో కరీంనగర్ అయింది. పాఖాల తాలూకా నేటి నర్సంపేట. జనగామ నల్లగొండ నుంచి, పరకాల కరీంనగర్ నుంచి వరంగల్‌లోకి వచ్చాయి, ఖమ్మం 1953లో విడిపోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016లో జిల్లాలు ముక్కలయ్యాయి, 2019లో ములుగు వచ్చింది. ప్రతిసారీ బస్తాలు ఒక గది నుంచి ఇంకో గదికి మారాయి, అన్నీ మారలేదు. మీ మండలంలోని ఊరి సేత్వార్ పక్క జిల్లా పాత తాలూకా కేంద్రంలో ఉండొచ్చు. జిల్లా సర్వే ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసులో ఇంకో ప్రతి ఉండే అవకాశమూ ఉంది. తహసీల్ ప్రతి చెదలు తింటే అక్కడ అడగాలి. ఊరు జాగీరుదో, పాయిగాదో (నిజాం కొలువు ప్రభువులదో), సర్ఫెఖాస్‌దో (నిజాం సొంత ఖాతాదో) అయితే 1949లో జాగీర్లు రద్దయ్యేదాకా లెక్కలు సర్కారు తహసీల్లో లేనే లేవు. దోమకొండ, సిర్నపల్లి, పాల్వంచ సంస్థానాల ఊళ్లదీ అదే కథ. ఇవికాక "బేచిరాగ్" మౌజాలు (రెవెన్యూ గ్రామాలు) ఉన్నాయి. చిరాగ్ అంటే దీపం, దీపం వెలగని ఊరు. గత్తరకో కరువుకో ఖాళీ అయిన ఊళ్లు మీ రికార్డుల్లో నంబర్లతో సహా బతికే ఉన్నాయి. "మాది ఫలానా పాడు" అని తాతలు చెప్పుకున్న ఊరు నేటి మ్యాపులో లేకపోతే ముందు ఆ జాబితా చూడాలి. ఆ జాబితా మీ దగ్గర ఉంది, బయట లేదు.

సేత్వార్‌లో పేరు లేదంటే మనిషి లేడని కాదు. భూమి లేనివాళ్లే సగం ఊరు. నీరడి, సేత్‌సింధీ వంటి ఊరి పనివాళ్లకు బలూతా ఇనాం భూములుండేవి, ఆ ఇనాం కాగితాల్లో పని పేరు కింద మనిషి పేరు ఉంటుంది. కౌలుకు దున్నినవాళ్లకు 1950 కౌలు చట్టం కింద రాసిన రక్షిత కౌలుదార్ల రిజిస్టరు ఉంది. రాసింది ఇరవయ్యో శతాబ్దంలోనే అయినా అందులోని ముసలివాళ్ల తండ్రులు పందొమ్మిదో శతాబ్దపు మనుషులు. హనుమకొండలో 1879లో వచ్చిన అమెరికన్ బాప్టిస్ట్ మిషన్, 1912లో ఏర్పడిన డోర్నకల్ డయాసిస్ చర్చీల్లో బాప్తిస్మం రిజిస్టర్లు చూడొచ్చు. బాప్టిస్టులు పెద్దయ్యాకే బాప్తిస్మం ఇస్తారు గనక ఆ తేదీని పుట్టిన తేదీ అనుకోవద్దు, అప్పటికి పేరు కూడా మారి ఉండొచ్చు. పోలీసు పటేలు ఉంచిన చావు పుట్టుకల రిజిస్టర్లు 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఎక్కడివక్కడే చెదిరాయి. పటేళ్ల ఇళ్ల అటకల మీద ఉన్నవి అడిగి తెచ్చుకోవాల్సింది మీరే.

కాగితానికి అవతల నోరుంది. ఒక్కో కులానికి వంశం చెప్పే ఆశ్రిత కులం ఒకటుంది: మాదిగలకు డక్కలి, పద్మశాలీలకు కూనపులి, గౌడులకు ఏనూటి, గొల్లలకు మందెచ్చులు, లంబాడీలకు భాట్, ఢాడీ. కులపురాణం చెప్పాక దాతల ఇంటిపేర్లు, గోత్రాలు చదువుతారు. ఏ ఊరు ఎవరి మిరాశో (వంశపారంపర్య హక్కో) వాళ్లకు లెక్క ఉంటుంది. గోండుల ప్రధాన్లు కిక్రీ (తీగల వాద్యం) మీద పాడే కథలు గోత్రం దాకా తీసుకుపోతాయి, ముత్తాత పేరు దాకా కాదు. పొగడ్తలో రాజు కాని తాత ఎవరికీ ఉండడు, అది తెలిసే వినాలి. కానీ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో చెప్పడంలో వాళ్లు తహసీల్దారు కంటే నమ్మకం. కోపం తెచ్చుకోకండి.

ఇప్పుడు మా అడుగుడు.

సమాచార హక్కు చట్టం 4(1)(ఎ) సెక్షన్ ప్రకారం రికార్డులకు జాబితా, సూచిక ఉంచడం ఎటూ మీ బాధ్యతే. ప్రతి తహసీల్లో ఏ ఊరి సేత్వార్ ఉంది, ఏ ఫస్లీల ఫైసల్ పట్టీలున్నాయి, ఖాస్రా ఉందా, ఏది చిరిగింది, ఇంతమటుకు ఊరి వారీగా రాసి బయట పెట్టండి. 2020 సెప్టెంబరులో వీఆర్వోల నుంచి తీసుకున్న కట్టలు ఇంకా విప్పనివి ఉంటే వాటితోనే మొదలుపెట్టండి. పాత తాలూకా, పరగణా, నేటి మండలం, బేచిరాగ్ మౌజాలు కలిపి ఒక పట్టిక కూడా కావాలి. ఇది ఆర్కైవ్స్ చేయాల్సిన పని, తార్నాకలోని జాగీర్ కాగితాలకూ ఊరి వారీ సూచిక అక్కడే తయారుకావాలి.

సేత్వార్ పట్టాదారుల పేర్ల సూచికకు మా అంచనా ఇది: మూడొందల సర్వే నంబర్ల ఊరికి ఉర్దూ చదివే ఒకరు, ఊరి పేర్లు తెలిసిన ఒకరు కలిసి కూర్చుంటే మూడు నాలుగు రోజుల పని. తెలుగులో ఒకటే పేరు ఖాయం చేసి రాయొద్దు. ఉర్దూ అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు ఒక గడిలో, వచ్చే పేర్లన్నీ ("ఐలయ్య / ఎల్లయ్య") ఇంకో గడిలో ఉండాలి. అనుమానం దాచిన సూచిక కన్నా సూచిక లేకపోవడమే మేలు. నీడపట్టున కూర్చుని రఖం, చేతిరాత చదవగల పెద్దమనుషులు జిల్లాకు కొద్దిమందే మిగిలారు. గౌరవ వేతనం ఇచ్చి వాళ్లను ఈ ఏడాదే పిలవండి. స్కానింగు తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. చదివేవాళ్లు పోయాక స్కాను బొమ్మే మిగులుతుంది.

లామినేషన్ చేయించొద్దు. వేడికి ప్లాస్టిక్కు కాగితంలోకి దిగుతుంది, తిరిగి ఊడదు. సెల్లోటేపు జిగురు పదేళ్లకు పసుపు మరకై అక్షరాన్ని తింటుంది. దీపపు మసి సిరా తడి తగిలితే అలుక్కుపోతుంది, అందుకని తడిగుడ్డతో దుమ్ము తుడవనివ్వొద్దు, మెత్తటి బ్రష్షు చాలు. బస్తాను నేల మీద కాకుండా గోడకు జానెడు ఎడంగా ర్యాకు మీద పెట్టి, పాత నూలు గుడ్డలోనే కట్టి ఉంచండి.

వారంలో ఒక పూట చూసుకోనివ్వండి. కిటికీ పక్కన ఒక బల్ల, ఎదురుగా సిబ్బంది ఒకరు. ఫ్లాష్ లేకుండా సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోనివ్వండి. ముందు అట్ట, తర్వాత పేజీ నంబరు కనిపించేలా మొత్తం పేజీ, ఆ తర్వాతే పేరున్న వరుస. అట్ట లేని ఫొటో ఏ ఊరిదో ఆరునెలలకు తీసినవాళ్లకే గుర్తుండదు. తగాదాల భయం తీరాలంటే అట్లా ఇచ్చిన నకలు మీద "వంశచరిత్ర కోసం మాత్రమే, హక్కు నిరూపణకు చెల్లదు" అని ముద్ర కొట్టండి. హక్కు కావాల్సినవాళ్లు ఎటూ సర్టిఫైడ్ నకలుకే పోతారు.

వచ్చేవాళ్లు ఉత్త చేతులతో రాకుండా కౌంటరు దగ్గర ఒక కాగితం అంటించండి: ఇంట్లో ఉన్న పాత పట్టా పాస్‌బుక్కులోని సర్వే నంబరు, తెలిసిన మూడు తరాల పేర్లు, ఇంటి దేవుడు, పాత ఊరి పేరు, భూమి అమ్మిన ఏడు రాసుకుని రమ్మని. ఈ ఐదూ లేకుండా వచ్చిన మనిషికి బస్తా విప్పినా ఉపయోగం లేదని చెప్పి తిప్పి పంపినా మేము తప్పు పట్టం.

ఒప్పుకుంటే ముందు ఒక్క మండలం ఇవ్వండి. సేత్వార్లు బాగున్న చోటు కాకుండా, బస్తాలు కలగాపులగంగా ఉన్న చోటే ఇవ్వండి. ఉర్దూ చదివేవాళ్లు, ఊరి పేర్లు తెలిసినవాళ్లు మా వైపు నుంచి వస్తారు. బల్ల, కిటికీ, గది తాళం మీవి.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లాలో పాత రికార్డులు చదివే కొందరం